చీరాల గళ్ళు, బెలెమా బ్లేడు

మా సంఘానికి అర్జెంటుగా ఒక ఆఫ్రికన్ కావలసి వచ్చింది. ఇలా రాయడం బాగుండదని నాకూ తెలుసు. కానీ కమిటీ మీటింగులో మా ప్రెసిడెంట్ ప్రసాద్ గారు అన్న మాట అక్షరాలా అదే. జార్జియాలోని అల్ఫారెట్టాలో ఏటా మేం చేసే ఉగాదికి ఈసారి ఓ కొత్త స్పాన్సర్ దొరికాడు. "మీ స్టేజి మీద ఎప్పుడు చూసినా మీవాళ్ళే ఉంటారేం?" అని అడిగాడట ఆ మహానుభావుడు. అంతే, వారం తిరక్కుండా మా సంఘంలో డైవర్సిటీ అవార్డు పుట్టుకొచ్చింది. శాలువా కొన్నారు. మెమెంటో మీద అక్షరాలు చెక్కించారు. పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంచారు.

నేను ఆ సంఘానికి కల్చరల్ సెక్రటరీని. అంటే ఏ పిల్ల డాన్సు ముందు, ఏ పిల్ల డాన్సు తర్వాత అని తేల్చి, తల్లులందరి చేతా తిట్లు తినే పదవి. పగలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్యూఏ టెస్టర్‌ని. ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతకడానికి నాకు జీతం ఇస్తారు. ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో నా కొంప ముంచింది ఈ అలవాటే.

అదే వారం బెంటన్‌విల్ నుంచి లావణ్య ఫోన్ చేసింది. ఒకప్పుడు మా టీంలో చేసేది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఒక పెద్ద దుకాణాల కంపెనీ హెడ్డాఫీసులో కాంట్రాక్టు మీద ఉంది. శనాదివారాలు ఓ చిన్న గ్యాలరీలో వాలంటీరు పని చేస్తుంది.

"అక్కా, నైజీరియా నుంచి ఆర్టిస్టు వచ్చింది, బెలెమా అని. హ్యూస్టన్‌ల ఉంటదట. గ్యాలరీ వాళ్ళకు హోటల్‌ల పెట్టే పైసల్లేవు, మా గెస్ట్ రూంలనే ఉంటుంది. మస్తు మంచిది. మీరొస్తే కలిపిస్త," అంది.

ఈ మాట ప్రసాద్ గారి చెవిన వేశాను. "కారు తియ్యమ్మా సుజాతా!" అన్నారు.

అలబామా వేరుశనక్కాయలు

కారు మాది, నడిపేది మా ఆయన, ముందు సీటు ప్రెసిడెంట్ గారిది. వెనక సీట్లో నేను, పులిహోర డబ్బా, గోంగూర సీసా, శాలువా కవరు. విమానంలో పోతే పూటలో అయిపోయే ప్రయాణం. కానీ మెమెంటో గాజుది, లగేజీలో వేస్తే పగులుతుందని ప్రసాద్ గారి భయం.

అలబామాలో పెట్రోలు కోసం ఆగాం. కౌంటర్ పక్కన పెద్ద కుండలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతోంది ఒక పెద్దావిడ. ఉప్పు నీళ్ళలో ఉడికిన ఆ వాసనకి నా ప్రాణం లేచొచ్చింది. చిన్న గ్లాసుడు నాలుగు డాలర్లు అనేసరికి మా ఆయన ప్రాణం మాత్రం పోయినంత పనైంది. "నాలుగు డాలర్లకి మా ఊళ్ళో చేను మొత్తం పీక్కోమంటారే!" అన్నాడు తెలుగులో.

"ఎక్కడివాళ్ళు మీరు?" అందావిడ.

"అల్ఫారెట్టా," అన్నాను.

"అది కాదు బంగారం, అసలు ఎక్కడివాళ్ళు?"

నేను చీరాల అని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్నే. ప్రసాద్ గారు అడ్డొచ్చి శాతవాహనుల దగ్గర మొదలుపెట్టారు. కాకతీయుల దాకా వచ్చేసరికి మా వెనక లైను తలుపు దాటింది. ఆవిడ నవ్వు చెరక్కుండానే మా గ్లాసులో ఇంకో గరిటెడు కాయలు పోసి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి, ఇక వెళ్ళండి అని పంపేసింది. చరిత్ర చెప్పడం వల్ల లాభం కలగడం ప్రసాద్ గారి జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

మెంఫిస్‌లో పడుకున్న మోటెల్ ఓ గుజరాతీ ఆయనది. "మనం మనం ఇండియన్సే కదా," అని ప్రసాద్ గారు రేటు తగ్గించమన్నారు. "ఇక్కడ దిగేవాళ్ళలో సగం మంది అదే అంటారండీ," అని ఆయన పూర్తి రేటే తీసుకున్నాడు. పొద్దున ఇచ్చిన టీ మాత్రం అల్లం వేసి అద్భుతంగా పెట్టాడు.

బెంటన్‌విల్: శాలువాకి ట్రయల్

బెంటన్‌విల్ చిన్న ఊరు. సైకిలు దారులు, శుభ్రమైన చెట్లు, ఏ దారి పట్టినా లావణ్య పనిచేసే ఆ కంపెనీ ఆఫీసే. కిరాణా కొట్లో కొత్తిమీర ఏరుకునే మగవాళ్ళ మెళ్ళో కూడా ఆఫీసు బ్యాడ్జీలు వేలాడుతున్నాయి. నన్ను చూసిన ఇద్దరు తెలుగువాళ్ళు పలకరింపుగా "కాంట్రాక్టా, ఫుల్ టైమా?" అనే అడిగారు.

లావణ్య ఇంట్లో ఆ సాయంత్రం పాట్‌లక్. ఐదారు కుటుంబాలు, తలా ఒక ట్రే. బెలెమా సోఫాలో కూర్చుని పిల్లల దగ్గర కారమ్స్ నేర్చుకుంటోంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. జీన్సు, గళ్ళ చొక్కా, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. ప్రసాద్ గారి మొహం చిన్నబోయింది.

"ఏమ్మా సుజాతా, వాళ్ళ డ్రెస్సు తెచ్చుకోలేదా? తలకి అదీ... కలర్‌ఫుల్‌గా చుడతారే?" అని నా చెవిలో గొణిగారు.

"మీరు పంచె కట్టుకొచ్చారా?" అన్నాను. విననట్టు వెళ్ళి, ఫోటోకి వెలుతురు సరిపోతుందో లేదో చూద్దామని శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పేశారు. చేత్తో స్ట్రైకర్ పట్టుకుని కప్పించుకుందావిడ. ఫోటోలు తీశాక, "దీన్ని నేను ఉంచుకోవచ్చా, తిరిగివ్వాలా?" అని అడిగింది. ట్రయల్ కనక తిరిగివ్వాలన్నాం. మడత పెట్టి మరీ ఇచ్చింది.

భోజనాల దగ్గర అందరూ ఆవిణ్ణి గోంగూర గురించి హెచ్చరించారు. కారం, జాగ్రత్త, నీళ్ళు పక్కన పెట్టుకోండి అని. ఆవిడ రుచి చూసి, బాగుంది అని, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తన మిరపపొడి సీసా తీసి పైన చల్లుకుంది. ఆ సీసా బల్ల చుట్టూ తిరిగింది. గుంటూరాయన ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళి పెరుగు తెచ్చుకున్నాడు. అందరికీ లోపల్లోపల అవమానమైంది గానీ ఎవరూ పైకి అనలేదు.

అప్పటిదాకా ఆవిడ మాకు గెస్టు. వీసా మాట వచ్చాక మా మనిషైపోయింది. ఆర్టిస్టులకిచ్చే వీసా గడువు దగ్గర పడుతోందట. రెన్యూ చేయాలంటే పేరున్న పని చేసినట్టు రుజువులు కావాలి. ఏదైనా ఒక్క గ్యాలరీ తన సొంత సేకరణలోకి ఆవిడ చేసినది ఒకటి కొంటే కేసు నిలబడుతుందని లాయరు చెప్పాడు. ఈ గ్యాలరీ బోర్డు ఆదివారం తేలుస్తామంది. కొనకపోతే హ్యూస్టన్‌లో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోవాల్సిందే.

గరిటెలు ట్రేల్లో వదిలేసి ఒకేసారి అందరూ మాట్లాడారు.

"ప్రీమియం ప్రాసెసింగ్ పెట్టారా?"

"ఇంకా రుజువులు పంపమని ఆర్ఎఫ్ఈ వచ్చిందా? రాలేదు కదా, టెన్షన్ పడకండి."

"మీ లాయర్ వేస్ట్ అండీ, మా లాయర్ నంబరు ఇస్తాను."

"ఈ రూల్స్‌ని మనం చేంజ్ చేయలేంలే గానీ, పాపం, ఈవిడదీ మన బతుకే," అని గుంటూరాయన పెరుగన్నం కలుపుకుంటూ తెలుగులో నిట్టూర్చాడు. బెలెమాకి ఆ నిట్టూర్పు అర్థమైంది.

దాణా గోదాములో నా డిఫెక్ట్ రిపోర్టు

శనివారం గ్యాలరీకి వెళ్ళాం. ఒకప్పుడు పశువుల దాణా నిల్వ చేసిన గోదాము. ఇప్పుడు తెల్ల సున్నం, పైనుంచి లైట్లు. నడిపేది క్లేర్ అనే ఆవిడ. మనిషి మంచిదే. ఎవర్నీ నొప్పించకూడదన్న ఆదుర్దాలో అందర్నీ హడలగొట్టే రకం. మా చేతుల్లో తలా ఒక కరపత్రం పెట్టింది. బెలెమా పని ఆఫ్రికా మట్టిలోంచి పుట్టిన అనాది నేత అని అందులో ఉంది.

లోపల గోడ నిండా ఒకే గుడ్డ. అంచులు కలిపి కుట్టిన చాలా ముక్కలు. ఎరుపు, నీలిమందు రంగు, మధ్యలో సన్నటి పసుపు గీత. చూసీ చూడగానే గుర్తుపట్టాను. ఆ గళ్ళు నాకు తెలుసు. చీరాలలో మా తాతయ్య మగ్గం మీద రోజూ చూసిన గళ్ళు అవి. ఎగుమతి గుడ్డ అనేవాళ్ళం. ఓడలో ఎక్కడికో పోతుందని తప్ప ఎక్కడికో మాకు తెలీదు. అద్దకం వాసన ఇల్లంతా కొట్టేది.

దగ్గరికి వెళ్ళి చూశాను. గుడ్డలో చాలాచోట్ల పోగులు లేవు! పడుగులో కొన్ని, పేకలో కొన్ని, తెగిపోయి, లాగేసినట్టు, జల్లెడలా కంతలు. మగ్గం ఇంట్లో పుట్టినదానికి తెగిన పోగు కనబడితే చెయ్యి ఊరుకోదు. పైగా క్యూఏ టెస్టర్‌ని. తిన్నగా క్లేర్ దగ్గరికి వెళ్ళాను.

"మీ గుడ్డ పాడైపోయింది. పోగులు పోయాయి, ఒకటీ రెండూ కాదు. షిప్పింగ్‌లో జరిగిందేమో, ఇన్సూరెన్స్ ఉందా? ఈ గుడ్డ నాకు తెలుసులెండి, మా ఊళ్ళో నేసిందే," అన్నాను ఒక్క ఊపిరిలో.

క్లేర్ మొహం పాలిపోయింది. పక్కనే ఉన్న బెలెమా కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"పాడవలేదు. నేనే కోశాను," అంది ఓపిగ్గా. "నైజర్ నది సముద్రంలో కలిసేచోట మా కలబారి తెగవాళ్ళం ఉంటాం. తరతరాలుగా ఈ గుడ్డ ఇండియా నుంచి కొంటున్నాం. మా ఆడవాళ్ళు సూదితో ఒక్కో పోగూ లేపి, బ్లేడుతో కోసి, లాగేస్తారు. మిగిలినదే డిజైను. పెలెటె బిటె అంటాం, కోసిన గుడ్డ అని. పెళ్ళికీ కడతాం, చావుకీ కడతాం."

"ఇండియా నుంచా?" అంది క్లేర్.

"నేను మొదటి రోజే చెప్పాను. అనాది నేత అని రాసింది మీరు."

నాకు నోట మాట రాలేదు. మేం నేసి పంపితే, ఆ పోగులు పీకి పండగ చేసుకునేవాళ్ళు సముద్రం అవతల ఉన్నారా! ప్రసాద్ గారికి మాత్రం నోట మాట బాగా వచ్చింది. "మనదే! అంతా మనదే! చీరాల! తెలుగు గుడ్డ!" అని ఫోన్ తీసి గోడ ముందు నిలబడి సెల్ఫీలు మొదలుపెట్టారు.

క్లేర్ నన్ను పక్కకి తీసుకెళ్ళింది. "అంటే బెలెమా మీ సంస్కృతిని అనుమతి లేకుండా వాడుకుందా? మీ కమ్యూనిటీ మనసు నొచ్చుకుందా?"

నిజం చెప్పొద్దూ, నొచ్చుకోవచ్చన్న ఆలోచనే నాకు అప్పటిదాకా రాలేదు.

"నొచ్చుకుంది!" అన్నారు వెనకనుంచి ప్రసాద్ గారు.

క్లేర్ ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. రేపు బెలెమా ప్రసంగం అయ్యాక బోర్డు కూర్చుంటుందని, దానికి ముందు తెలుగు కమ్యూనిటీ తరఫున ఎవరైనా లేచి సమ్మతి తెలపాలని, లేకపోతే ఈ పని కొనడం తమవల్ల కాదని చెప్పింది. నైజీరియా మనిషి టెక్సస్‌లో కోసిన గుడ్డకి ఆర్కన్సాలో అనుమతివ్వాల్సినది జార్జియా కల్చరల్ సెక్రటరీ అన్నమాట. అంతటి అధికారం నా సొంత ఇంట్లో కూడా నాకెప్పుడూ లేదు.

లావణ్య వంటింట్లో

ఆ సాయంత్రం ప్రసాద్ గారు షరతులు చెప్పారు. గోడ మీద ముందు తెలుగు అని రాయాలి, తర్వాతే ఆఫ్రికా. ప్రసంగానికి ముందు జ్యోతి ప్రజ్వలన. మన సంఘం లోగో, కనీసం అరచెయ్యంత.

లావణ్యకి ఒళ్ళు మండింది. "సార్, ఆమె వీసా పోతది. మీకు లోగో కావాల్నా?"

"వీసా వేరు, చరిత్ర వేరమ్మా."

"మీ హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్‌కు ఎవరన్నా గిట్లనే జ్యోతి ప్రజ్వలన అడిగితే తెలుస్తుండె!"

ప్రసాద్ గారికి గ్రీన్ కార్డు వచ్చి చాలా ఏళ్ళయింది, అందుకని నవ్వి ఊరుకున్నారు. మా ఆయన ఎప్పటిలాగే టీవీలో వాతావరణం చూస్తున్నాడు.

నేనూ బెలెమా గిన్నెలు కడుగుతున్నాం. నా వల్లే ఇదంతా అని సిగ్గుతో చచ్చిపోతున్నాను. "నన్ను క్షమించు. చూసింది చూసినట్టు వాగేశాను," అన్నాను.

"రేపు ఏం చెప్తావు?"

"నిజం చెప్తాను."

"అదే నా భయం," అంది గిన్నె తుడుస్తూ.

ఆదివారం

జనం బాగానే వచ్చారు. బల్ల మీద నమూనాకి ఓ సూది, ఓ బ్లేడు పెట్టారు. బోర్డు వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళలో కౌబాయ్ బూట్లు తొడుక్కున్న ఒక ముసలాయన, పశువుల వ్యాపారం చేసి రిటైరయ్యాడట, చేతులు కట్టుకుని గోడ మీద గుడ్డనే చూస్తున్నాడు. మిగతావాళ్ళంతా నన్ను చూస్తున్నారు.

బెలెమా క్లుప్తంగా మాట్లాడి కూర్చుంది. క్లేర్ నన్ను పిలిచింది. ప్రసాద్ గారు "లోగో, లోగో" అని సైగ చేశారు. నేను లేచాను.

"ఈ గుడ్డ మా ఊళ్ళో నేశారు, నిజమే. మా తాతయ్యే నేశాడు. కానీ మా ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా ఇది కట్టలేదు. మా నాయనమ్మ మిల్లు చీర కట్టేది. దీని వాసన కూడా ఆవిడకి పడేది కాదు. మేం నేసి, కూలి తీసుకుని, మర్చిపోయాం. దీన్ని ఒంటికి కట్టుకున్నది వాళ్ళు, దీంట్లో పెళ్ళి చేసుకున్నది వాళ్ళు, పోయినవాళ్ళ కోసం దీన్ని పట్టుకుని ఏడ్చింది వాళ్ళు. ఇది వాళ్ళ పూర్వీకులది. దీని మీద మాకే హక్కూ లేదు."

చప్పట్లు మోగాయి. ప్రసాద్ గారు తల పట్టుకున్నారు. నా ఉపన్యాసానికి నాకే కళ్ళు చెమర్చాయి. బాగా చెప్పాననుకున్నాను, దాచడమెందుకు.

క్లేర్ కన్నీళ్ళు తుడుచుకుంటూ మైకు తీసుకుంది. "సుజాత మన కళ్ళు తెరిపించారు. ఇది పూర్వీకుల పవిత్ర వస్త్రం. ఇలాంటిదాన్ని డబ్బిచ్చి కొనే హక్కు మనకెక్కడిది? గౌరవంతో వెనక్కి ఇచ్చేద్దాం."

మొన్న అనాదిది, నిన్న దొంగిలించినది, ఇవాళ పవిత్రమైనది. ఏదైతేనేం, కొనేదే లేదు! నేను నోరు తెరిచాను గానీ ఇంకేం మాట్లాడితే ఇంకేం కూలుతుందో అని భయమేసి మూసేశాను.

బెలెమా లేచింది. బల్ల మీద బ్లేడూ సూదీ తీసుకుంది. కుర్చీ ఒకటి లాక్కుని గోడ దగ్గర వేసి ఎక్కింది. క్లేర్ "దయచేసి ముట్టుకోవద్దు!" అంది అలవాటు కొద్దీ. బెలెమా సూదితో ఒక ఎర్ర పోగు లేపి, కోసి, రెండు వేళ్ళతో బారెడు పొడుగున లాగి కింద పడేసింది.

"ఇది పవిత్రమైంది కాదు. హ్యూస్టన్‌లో మా డైనింగ్ టేబుల్ మీద, టీవీ చూస్తూ చేశాను," అంది. గొంతు పెద్దది చేయలేదు. "క్లేర్ దీన్ని ఆఫ్రికాకి ఇచ్చేసింది. ప్రసాద్ గారు ఆంధ్రాకి ఇచ్చేశారు. సుజాత మా పూర్వీకులకి ఇచ్చేసింది, ఏడుస్తూ మరీ. నాకు ఇచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మా ఊళ్ళో ఏ ముసలమ్మా ఇలా కోయదు. ఇంత పెద్దది చేయదు, ఇన్ని గళ్ళు వదిలేయదు. ఇది నేను చేశాను. నా పని నచ్చితే కొనండి. నచ్చకపోతే అదే చెప్పండి, నచ్చలేదని."

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులుగా ఆ గుడ్డ ఎవరిదా అని కొట్టుకు చచ్చాం గానీ, బాగుందా లేదా అని ఒక్కరమూ చూడలేదు.

బూట్ల ముసలాయన చేతులు విప్పాడు. "అమ్మా, పని పూర్తయిందా, ఇంకా కోసేదుందా?"

"ఇప్పుడు పూర్తయింది."

"నాకు నచ్చింది. కొందాం," అని మిగతావాళ్ళ వైపు తిరిగాడు. ఒక్కొక్కరే చేతులెత్తారు. క్లేర్ చెయ్యి అందరికంటే పైకి లేచింది, పాపం, ఆవిడకీ మొదట్నుంచీ నచ్చిందేనేమో, అనడానికే భయం. లావణ్య "వచ్చింది అప్రూవలూ!" అని అరిచి ఎగిరింది. ప్రసాద్ గారు వెంటనే వెళ్ళి అవార్డుకి ఒప్పుకోమని అడిగారు. "ఏ పనికి ఇస్తున్నారు?" అంది బెలెమా. జవాబు కోసం ఆయన ఇంకా వెతుకుతున్నారు.

జనం తగ్గాక బెలెమా గోడ ముందు ఒక్కతే నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు, అయినా వెళ్ళాను. గుడ్డ వైపు చూస్తూ నిలబడ్డాను. ఈసారి తాతయ్యా, చీరాలా గుర్తు రానివ్వకుండా చూశాను. ఎడమ వైపు కంతలు ఆవగింజంతే, వరస తప్పకుండా ఉన్నాయి. మధ్యలో జానెడు మేర ఒక్క పోగూ కోయలేదు. ఆ తర్వాత కంతలు పెద్దవి, వంకరటింకరగా ఉన్నాయి, కొన్నిచోట్ల బ్లేడు పక్క పోగుని కూడా తెంపేసింది.

"ఇక్కడెందుకు ఆపావు?" అని అడిగాను.

బెలెమా నా వైపు తిరిగింది. ఆ ప్రశ్న కోసం ఎన్నాళ్ళుగానో చూస్తున్నట్టు, ఆ ఖాళీ జానెడు మీద చెయ్యి పెట్టింది.

"అక్కడ మా తమ్ముడి ఫోనొచ్చింది. అమ్మ పోయిందని. వెళ్తే వీసా మధ్యలో ఉంది కదా, మళ్ళీ రానివ్వరని లాయరు అన్నాడు. వెళ్ళలేదు. మళ్ళీ దీని ముందు కూర్చునేసరికి చేతులు అమ్మ నేర్పినట్టు కదలడం మానేశాయి. అక్కణ్ణుంచి ఉన్నదంతా నా చెయ్యే."